వారసత్వం ఎవరి పేరున?

‘వారసత్వం’ అనే మాట తెలుగులో రెండు చోట్ల పనిచేస్తుంది. తహసీల్దారు ఆఫీసులో, కోర్టులో అది ఆస్తి. పురావస్తు శాఖ బోర్డుల మీద అది గతం, గర్వం, కాపాడుకోవలసిన కట్టడం. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘వారసు’కు సంస్కృత ప్రత్యయం తగిలించి మనం తయారు చేసుకున్న మాట ఇది. ఇంగ్లీషులో ఈ రెండు అర్థాలకూ వేరువేరు మాటలున్నాయి. అందుకే అక్కడ ఒకదాని గురించి పేజీలకు పేజీలు రాస్తూ రెండోదాన్ని మర్చిపోవచ్చు. మన భాషలో అంత సులువు కాదు. జహీరాబాద్‌లోని మా అమ్మమ్మగారి ఇంటి మీద ఇంగ్లీషులో వచ్చిన ఒక రిపోర్టును తెలుగులోకి తెస్తున్నప్పుడు ఈ సంగతి నాకు బాగా తగిలింది.

ఆ ఇల్లు పాత బజారులో ఉంది. ఒకప్పుడు అక్కడ ఐదిళ్లు గోడకు గోడ కలుపుకొని ఒకే వరసలో ఉండేవి. రెండిళ్ల నడుమ ఒకటే గోడ. దాని మీదే ఇటువాళ్ల దూలాలూ అటువాళ్ల దూలాలూ ఆనుతాయి. ముందు అరుగు, చెక్కడపు పని చేసిన పెద్ద దర్వాజ, లోపల కర్ర స్తంభాల మధ్య ఆకాశం కనిపించే భవంతి, దాని వెనక వంటర్ర, గరిసెల అర్ర, ఆ వెనక దొడ్డి. పైన మట్టి మిద్దె. ఐదిళ్లలో రెండు ఇప్పటికే షట్టర్లున్న కాంప్లెక్సులైపోయాయి. మాది మిగిలిన మూడింటిలో నడిమిది. మా మామకు కొడుకూ కోడలూ ఉండడానికి పైన రెండు గదులు కావాలి. బిల్డరు అంతా పడగొట్టమన్నాడు. మా అమ్మ వద్దంది. ఇంటివాళ్ల మాటా బిల్డరు మాటా కాకుండా మూడో మనిషి మాట విందామని, హైదరాబాద్ నుంచి పాత కట్టడాల మీద పనిచేసే ఒక ఆర్కిటెక్టును పిలిచారు. అతను నాలుగుసార్లు వచ్చి, కొలిచి, గీసి, ఫొటోలు తీసి నలభై పేజీల రిపోర్టు ఇచ్చాడు. ఇంట్లో అందరూ చదవాలి కాబట్టి తెలుగు చేసే పని సాహిత్యంలో డాక్టరేటు ఉన్న నాకు వచ్చిపడింది.

ఇలాంటి రిపోర్టు కావాలని అక్కడ ఏ చట్టమూ మమ్మల్ని అడగలేదు. హైదరాబాద్ నగరంలో వారసత్వ కట్టడాలకు రక్షణగా 1995లో వచ్చిన నిబంధన 13 హుడా పరిధికే పరిమితం. దాన్ని కూడా 2015 డిసెంబరులో తీసేశారు. తర్వాత 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసినప్పుడు పేపర్లన్నీ రాశాయి. నవాబుల మహల్‌కే కోర్టు దాకా పోతే గానీ దిక్కు లేకపోయింది. చిన్న ఊళ్ల బజారుల్లో గోడ కలుపు ఇళ్ల సంగతి చెప్పేదేముంది? అవి కూలడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అన్నదమ్ములు ఒక మాట మీదికొస్తే చాలు.

రిపోర్టు శ్రద్ధగా చేసిన పని. అది ముందే చెప్పాలి. మట్టీ సున్నమూ కలిపి కట్టిన గోడలకు తాతగారి హయాంలో పూసిన సిమెంటే చెమ్మకు కారణమని అది తేల్చింది. నేలలోంచి గోడలోకి ఎక్కిన తడి సున్నపు పూతలోంచైతే ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది, గోడ లోపల్నుంచి పుచ్చుతుంది. కాబట్టి సిమెంటు గీకేసి డంగు సున్నం పూయాలి. ఉమ్మడి గోడ మీద కొత్త స్లాబు బరువు వేయకూడదు, వేస్తే పక్కింటికీ ప్రమాదం. కొత్త గదులకు విడిగా స్తంభాలు నిలబెట్టి, వాటిని వెనక వైపు, బజారు నుంచి కనిపించని ఎత్తులో కట్టాలి. కొత్తది కొత్తదిగానే తెలియాలి. ఇవన్నీ న్యాయమైన మాటలు.

ఆ తర్వాత ఒక పట్టిక ఉంది. ఇంట్లో ఏ భాగానికి ఎంత ప్రాధాన్యమో నాలుగు మెట్లుగా విడగొట్టారు. దర్వాజకూ అరుగుకూ స్తంభాలకూ ‘అత్యున్నతం’. భవంతికి ‘ఉన్నతం’. వంటర్రకూ గరిసెల అర్రకూ ‘స్వల్పం’. దొడ్డికి ‘లేదు’. ప్రాధాన్యం ఎక్కడ తక్కువో కూల్చుడు అక్కడ. మెట్లు, స్తంభాలు, కొత్త బాత్రూములు అన్నీ వంటర్రా గరిసెల అర్రా ఉన్న చోటికే వచ్చాయి.

గరిసెల అర్రలో మా పెద్దమ్మ ఉంటుంది. 1979లో భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చినప్పుడు ఆమెకు చూపించిన చోటు అది. నాలుగున్నర దశాబ్దాలుగా ఆ ఇంట్లో మొదట లేచేదీ చివర పడుకునేదీ ఆమే. నేను తెలుగు ప్రతి పైకి చదువుతుంటే ఆ పట్టిక దగ్గర ఆపింది.

“గా అర్రకు ప్రాధాన్యం తక్వనా బిడ్డా? మీ తాత అరుగు మీద కూసొని బేరాలు జేస్తుంటే చాయలు, బువ్వ ఏడికెల్లి పోయినయో రాయలేదా అండ్ల?”

రాయలేదు. రాయడానికి ఆ పట్టికలో గడి లేదు.

ఆ గడులు ఎక్కణ్నుంచి వచ్చాయో వెనక్కి వెళ్లి చదివాను. 1964 వెనిస్ ప్రకటన స్మారక కట్టడాల గురించి మాట్లాడింది, పాతదానికి చేర్చే కొత్త పని తన కాలపు ముద్రతో ఉండాలంది. 1979లో ఆస్ట్రేలియాలో రాసుకున్న బుర్రా ప్రకటన సౌందర్య, చారిత్రక, శాస్త్రీయ, సామాజిక విలువలు అని విడదీసింది. ఇవాళ ప్రపంచంలో చాలా రిపోర్టులు ఈ విభజన మీదే నడుస్తాయి. 1984లో పుట్టిన ఇంటాక్ సంస్థ 2004లో మన దేశానికని ఒక ప్రకటన రాసి, బతికున్న వారసత్వం గురించీ స్థపతుల, రాజ్‌మిస్త్రీల జ్ఞానం గురించీ మాట్లాడింది. ప్రతి అడుగులోనూ లోపలికి కొంతమంది కొత్తవాళ్లు వచ్చారు. అయితే కట్టినవాడి దాకా వచ్చిన చూపు, కట్టినదాన్ని ఏటేటా నిలబెట్టిన ఆమె దాకా రావడం ఇంకా కష్టంగానే ఉంది. సామాజిక విలువ అన్నప్పుడు కూడా మన కళ్లకు మొదట కనిపించేది గుడి ముందరి రచ్చబండ. వెనకింటి పొయ్యి కనిపించదు.

ఇదేదో చిన్న ఊరి సమస్య అనుకోకూడదు. నేను డిగ్రీ చదివిన కోఠీ విమెన్స్ కాలేజీ సంగతే చూడండి. మేం సింహాల బొమ్మల పక్కన కూచుని పల్లీలు తిన్న ఆ భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. హైదరాబాద్‌లో రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, 1803 ప్రాంతంలో, మద్రాసు ఇంజనీర్లకు చెందిన శామ్యూల్ రస్సెల్ నమూనాతో దాని నిర్మాణం మొదలైంది. ఎత్తయిన స్తంభాలు, త్రికోణపు నుదురు, పెద్ద మెట్లు. దూరం నుంచే అధికారం కనిపించాలని కట్టిన ముఖం అది. అదే ఆవరణలో కిర్క్‌పాట్రిక్ పెళ్లాడిన ఖైరున్నిసా కోసం రంగ్‌మహల్ అనే జనానా ఉండేది. 1805లో వాళ్ల పిల్లలిద్దర్నీ ఇంగ్లండుకు పంపేశారు, కొత్త పేర్లు పెట్టారు. అదే ఏడు కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నిసా 1813లో చనిపోయే దాకా పిల్లల్ని మళ్లీ చూడలేదు. 1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ల నాయకత్వంలో తిరుగుబాటుదారులు రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ దాడిని తట్టుకుని స్తంభాల భవనం నిలిచింది. జనానాను మాత్రం 1860లో రెసిడెన్సీ వాళ్లే పడగొట్టారు.

ఆ తోటలో ఇప్పటికీ ఒక చిన్న బొమ్మ భవనం ఉంది. పరదాలో ఉన్న ఖైరున్నిసా ముందువైపుకు వచ్చి చూడలేదు కాబట్టి, ఇల్లు ఎలా ఉందో చూపించడానికి కిర్క్‌పాట్రిక్ కట్టించాడని కథ చెబుతారు. కథ నిజమో కాదో గానీ, మేం చదివే రోజుల్లో దాన్ని చాలా ప్రేమకథగా చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు నాకు అందులో వేరే సంగతి కనిపిస్తుంది. ఆమె పేరు మీద చెప్పుకునే ఆ బొమ్మ కూడా ముందరి భవనానిదే. ఆమె బతికిన చోటుకు ఎవరూ బొమ్మ చేయలేదు.

ఈ రెసిడెన్సీని ప్రపంచ స్మారక నిధి 2002 జాబితాలో ప్రమాదంలో ఉన్న కట్టడాల కింద చేర్చింది. ఆ తర్వాత దశలవారీగా మరమ్మతు చేశారు. బాగుపడింది, సంతోషమే. ఆ కట్టడాన్ని గురించి రాసేవాళ్లు రెసిడెంట్ల గురించీ స్తంభాల గురించీ వివరంగా రాస్తారు, 1949 నుంచి అక్కడ ఆడపిల్లల కాలేజీ నడిచిందన్నది ఒక వాక్యంలో అయిపోతుంది. 1924లో మొదలైన ఆ కాలేజీ అక్కడికి మారిన నాటి నుంచి తరాల తరబడి ఆడపిల్లలు, వాళ్లలో ఎందరో ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లు, ఆ చోటును వాడుకున్నారు.  2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తను సాగు చేసుకున్న భూమినీ పంటనూ దొర లాక్కోబోతే ఎదురు నిలిచిన మనిషి పేరు ఆ స్తంభాల భవనానికి చేరడం నాకు గొప్పగా అనిపించింది. వారసత్వానికి ఉన్న రెండర్థాలూ అక్కడ ఒకచోట కలిశాయి.

కోఠీ నుంచి జహీరాబాద్‌కు తిరిగొచ్చి నేను చేసిన పని మన పరిశోధకులకు కొత్తది కాదు. స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడే, తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలే సాక్ష్యం అని మనకు నేర్పింది. నేను రికార్డరు పట్టుకుని పెద్దమ్మ దగ్గర కూచున్నాను. ఇంటి గురించి మొదలుపెట్టమంటే ఆమె దర్వాజ నుంచి కాదు, మిద్దె నుంచి మొదలుపెట్టింది.

దూలాల మీద వాసాలు, వాసాల మీద పేళ్లు, వాటి మీద ఆకు పరిచి మట్టి, అన్నిటికన్నా పైన చౌడు మట్టి. వానను లోపలికి ఇంకనివ్వకుండా జార్చేసేది ఆ చౌడు పొరే. ఎండకు పగుళ్లిచ్చిన దాన్ని ఏటా మృగశిర లోపు సరిచేయాలి. ఒక్క ఏడు వదిలేస్తే రెండో ఏడు దూలం నానుతుంది, మూడో ఏడు కుళ్లుతుంది. రిపోర్టు ‘నూరేళ్లు దాటినా చెక్కుచెదరని దూలాలు’ అని మెచ్చుకుంది. చెక్కుచెదరకపోవడానికి కారణం మాత్రం టేకు నాణ్యత అని రాసింది. పెద్దమ్మ లెక్కలో కారణం ఏటా చౌడు తెచ్చి తొక్కిన ఇద్దరు ఆడవాళ్లు. మాదిగవాడ నుంచి వచ్చేవాళ్లు. ఏ చెరువు కట్ట కింద మట్టి పనికొస్తుందో వేళ్ల మధ్య నలిపి చెప్పేవాళ్లు. కూలి జొన్నలు. దొడ్డి తలుపు నుంచే రావడం, నిచ్చెన మీంచి మిద్దెక్కడం, అట్నుంచి అటే పోవడం. ఇంటి కప్పును నిలబెట్టినవాళ్లు ఆ ఇంటి భవంతిలో కాలు పెట్టలేదు. మాది గింజల వ్యాపారం చేసిన కుటుంబం, ఆ కట్టుబాటు మాదే. కాబట్టి రిపోర్టు ‘లేదు’ అని రాసిన ఆ దొడ్డి తలుపుకు ఈ ఇంట్లో మరే తలుపుకూ లేని చరిత్ర ఉంది. గర్వపడే చరిత్ర కాదు. అయినా రాయాలి.

దొడ్డిలో ‘నేల కుంగిన భాగం’ అని గుర్తు పెట్టినచోట పాతర ఉండేది. జొన్నలు నింపి, పైన గడ్డి వేసి, మట్టితో మూసేవాళ్లు. తెరిచిన రోజు వెంటనే దిగకూడదు. ముందు దీపం దింపి చూడాలి, అది ఆరిపోతే లోపల గాలి చెడిందని అర్థం. విత్తనపు గింజలు మాత్రం గరిసెల అర్రలోనే, బూడిదా వేపాకూ కలిపి, పేడతో అలికిన గుమ్ముల్లో ఉండేవి. ఏ గుమ్మి ఎప్పుడు తెరవాలన్న నిర్ణయం మా అమ్మమ్మది.

ఈ మాటలు రాసుకుంటుంటే పక్కనే ఉన్న పస్తాపూర్ గుర్తొచ్చింది. ఒకప్పుడు వ్యవసాయ శాఖల లెక్కల్లో కొర్ర, సామ, జొన్నలకు ప్రాధాన్యం ‘స్వల్పమే’. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు ఆ గింజల్ని దాచారు, ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర చేశారు, 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టుకుని తమ పంటల గురించి తామే మాట్లాడారు. 2019లో ఆ పనికి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఏది విలువైనదో తేల్చే పట్టికను మార్చవచ్చని మా ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లు ముందే చూపించారు. ఇళ్ల విషయంలోకి ఆ చూపు ఇంకా రాలేదు, అంతే.

అయితే ఒక సంగతి దగ్గర జాగ్రత్త పడాలి. పాత వంటర్రను అలాగే ఉంచమని పెద్దమ్మ అడగలేదు. కట్టెల పొగకు ఆమె కళ్లు పాడయ్యాయి. మోకాళ్లు వంగవు. రాత్రిపూట దొడ్డి దాకా పోవడం ఆమెకు భయం. “అన్ని మంచిగ రాసినవ్ గని బిడ్డా, నాకు బాత్రూం లోపల కావాలె, అది గూడ రాయి” అంది. ఆడవాళ్ల గతాన్ని ముచ్చటగా దాచిపెట్టి, ఆ గతంలోనే వాళ్లను ఉండమనడం వారసత్వ పరిరక్షణ కాదు. విస్తరణ కావాలి. అది ఎవరి గది మీదుగా పోతుందన్నదే ప్రశ్న.

ఇక్కడ మాటకున్న మొదటి అర్థం దగ్గరికి రాక తప్పదు. ఆ ఇల్లు మా తాతగారి తాత కట్టించింది. తాతగారు 1991లో వీలునామా లేకుండా పోయారు, ఇప్పటిదాకా పంపకం జరగలేదు. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి ఉండేది. కుటుంబం ఉంటున్న ఇంట్లో ఆడవాళ్లకు వాటా ఉన్నా, మగ వారసులు పంచుకోవాలనుకునే దాకా వాళ్లు పంపకం అడగకూడదు. కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా పెళ్లి కానిదో, భర్త వదిలేసిందో, విడిపోయిందో, భర్త పోయిందో అయితేనే. పెద్దమ్మ ఆ ఇంట్లో ఉండడానికి చట్టం ఒప్పుకున్న అర్హత ఆమె వైధవ్యం. మన రాష్ట్రంలో 1986లో చేసిన సవరణ కూతుళ్లకు పుట్టుకతో సమాన వాటా ఇచ్చింది గానీ, 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్లయినవాళ్లను బయటే ఉంచింది. పెద్దమ్మ పెళ్లి 1972లో. 2005 కేంద్ర సవరణ 23వ సెక్షన్‌ను తీసేసింది, పెళ్లి తేదీ అడ్డు లేకుండా కూతుళ్లందరికీ ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ‘స్వల్పం’ అని గుర్తు పెట్టిన అర్రలో పడుకునే మనిషి ఆ ఇంట్లో మామతో సమానమైన వాటాదారు. రిపోర్టు మొదటి పేజీలో ‘యజమాని’ అన్నచోట మామ పేరొక్కటే ఉంది.

పెద్దమ్మ మాటలన్నీ తొమ్మిది పేజీలుగా రాసి ఆర్కిటెక్టుకు పంపాను. అతను వాదించలేదు, మళ్లీ వచ్చాడు. ఈసారి దొడ్డి తలుపు నుంచి లోపలికొచ్చి, పెద్దమ్మ పక్కన రెండు పూటలు కూచున్నాడు. మార్చిన రిపోర్టులో గరిసెల అర్ర ‘ఉన్నతం’ అయింది. దానికి ఒక కిటికీ పెట్టి పెద్దమ్మ గదిగా ఉంచమన్నాడు. మెట్లు అంట్ల బండ వైపుకు జరిగాయి. బాత్రూం ఆమె గదికి ఆనుకుని వచ్చింది. పాతర మీద కట్టొద్దన్నాడు. ఏటా చౌడు పని చేసేవాళ్లకు కూలి ఎంతో ఖర్చుల పట్టికలో ఒక వరస చేర్చాడు, నేర్పున్న పనివాళ్ల కూలి కింద. యజమాని సంగతి మాత్రం తన పరిధిలోది కాదన్నాడు. నిజమే, అతనిది కాదు.

అది మా పరిధిలోది. ఉగాదికి ముందు మామ ఒక కాగితం తెచ్చాడు, అక్కచెల్లెళ్లు తమ వాటా వదులుకుంటున్నట్టు. బ్యాంకు లోనుకు కావాలన్నాడు. “అన్నతోని తగువెందుకు” అని మా అమ్మ సందేహంలో పడింది. పెద్దమ్మ మాత్రం దాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది.

“ఇంట్ల ఉంటనే ఉంటవు గదా అక్కా, సంతకం జేస్తే ఏమైతది?” అన్నాడు మామ.

“ఉంటున్న గదా తమ్మీ, చెయ్యకుంటె ఏమైతది?” అని ఆమె కాగితాన్ని మడిచి తన అర్ర గూట్లో పెట్టింది.

అది ఇంకా అక్కడే ఉంది. లోను ముగ్గురి పేరునా తీసుకోవచ్చా అని మామ ఇప్పుడు బ్యాంకులో అడుగుతున్నాడు. సిమెంటు గీకే పని మొదలైంది. మేస్త్రీకి ఈ కాగితాల గొడవ తెలియదు. ఏ గోడ దగ్గర మొదలుపెట్టాలన్నా, ఏ దూలం కింద ఆపు పెట్టాలన్నా, అతను దర్వాజ దాటి నేరుగా వెనకింటికి వెళ్లి పెద్దమ్మనే అడుగుతున్నాడు.